‘ఆర్’ క్రియలు బట్టీ పట్టేముందు

చి. శ్రావణికి ఆశీస్సులు.

బ్యాంకు పరీక్ష కోసం ఇంగ్లీషు డిక్షనరీలో ‘ఆర్’ అక్షరం కింద ఉన్న క్రియలన్నీ వరసపెట్టి బట్టీ పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. పట్టు, కాదనను. కానీ అర్థం ఒక్కటే రాసుకుంటే లాభం లేదు. క్రియ తర్వాత ఏం వస్తుందో కూడా రాసుకోవాలి. మార్కులు పోయేది అక్కడే.

ముందు రైజ్, రెయిజ్. మనవాళ్లు రెండూ ఒకేలా పలికేస్తారు కాబట్టి రాతలోనూ కలిసిపోతాయి. మన పెరగడం, పెంచడం లాంటి తేడానే ఇది. ‘దేన్ని?’ అని అడుగు. జవాబు దొరికితే రెయిజ్, లేకపోతే రైజ్. ఆర్కే బీచ్‌లో సూర్యుడు తనే లేస్తాడు, దేన్నీ లేపడు: ‘ది సన్ రైజెస్’. మద్దిలపాలెంలో ఓనరు పెంచాడు. దేన్ని? అద్దెని: ‘హి రెయిజ్డ్ ది రెంట్’. మొదటిదాని రూపాలు రైజ్, రోజ్, రిజన్. రెండోదానికి చివర ‘ఈడీ’ చాలు. ‘ప్రైసెస్ రెయిజ్డ్’ తప్పు, ‘ప్రైసెస్ రోజ్’ అనాలి. ‘ప్రైసెస్ వర్ రెయిజ్డ్’ మాత్రం ఒప్పే, ఎవరో పెంచారని అర్థం.

రిమెంబర్ గుర్తుంచుకోవడం, రిమైండ్ గుర్తుచేయడం. ‘రిమైండ్ మి’ తర్వాత చెయ్యాల్సిన పని వస్తే ‘టు’, మనిషో వస్తువో వస్తే ‘ఆఫ్’. రిమెంబర్‌లో ఇంకో మెలిక ఉంది. ‘రిమెంబర్ టు లాక్ ది డోర్’ అంటే తాళం ఇంకా వెయ్యలేదు, మర్చిపోకు అని. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్’ అంటే వేసేశాను, వేసినట్టు గుర్తుంది అని. రిగ్రెట్‌దీ ఇదే దారి: ‘రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్’ చెప్పబోయే చెడు కబురుకి, ‘రిగ్రెట్ టెల్లింగ్’ చెప్పేశాక నాలిక కరుచుకోవడానికి.

‘సింహాచలానికి చేరాను’లో ఉన్న ‘కి’ని లాక్కొచ్చి ‘రీచ్డ్ టు సింహాచలం’ అనేస్తాం. రీచ్‌కి ‘టు’ వద్దు.

రిటర్న్, రిపీట్, రిప్లైలకి బ్యాక్, అగైన్ తగిలించకు. ముందున్న ‘రి’లోనే ఆ అర్థం ఉంది. రివర్ట్‌ని మన ఆఫీసుల్లో జవాబివ్వడానికి వాడేస్తారు, వాళ్లని మార్చడం మన వల్ల కాదు. పరీక్షలో మాత్రం పాత స్థితికి తిరిగి వెళ్లడమనే పెట్టు.

రాబ్ చేసేది మనిషినో బ్యాంకునో, వస్తువుని కాదు. జగదాంబ సెంటర్‌లో ఎవడైనా ఫోన్ కొట్టేస్తే ‘స్టోల్ మై ఫోన్’, లేదా ‘రాబ్డ్ మి ఆఫ్ మై ఫోన్’.

రీడ్‌కి మూడు రూపాలూ రాతలో ఒకటే, పలకడంలో రీడ్, రెడ్, రెడ్. ప్రశ్న కాని వాక్యంలో ‘హి’ వెంటనే, చివర ‘ఎస్’ లేకుండా కనిపిస్తే అది గతకాలం, రెడ్ అని చదువు.

రోజుకి ఐదు క్రియలు చాలు. ఒక్కోదానికి మూడు రూపాలు, వెనక వచ్చే మాట, నీ ఇంటి సంగతితోనే ఒక వాక్యం రాసుకో. మర్నాడు ఆ ‘టు’, ‘ఆఫ్’ల మీద బొటనవేలు పెట్టి, చూడకుండా చదివి చూడు. తడబడ్డవాటిని ఆ రోజు ఐదింటిలో మళ్లీ కలుపుకో.

ఇట్లు,
మీ పెదనాన్న