ఎయిర్‌లైన్ కొత్త విమానాలు కొంటే పైలట్ ఉద్యోగాలు పెరుగుతాయి కదా, మరి యూనియన్లు ఎందుకు గొడవ చేస్తాయి?

ఉద్యోగాలు పెరుగుతాయి, నిజమే. ఎవరికి పెరుగుతాయన్నదే గొడవంతా.

మా మేనమామతో సహా చాలామంది పైలట్ అంటే ఏ విమానమైనా నడిపేస్తాడనుకుంటారు. అలా కుదరదు. లైసెన్సు మీద ఏ విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి అనుమతి, ఎక్కిందో అదే ఫ్లై చేయాలి. కంపెనీ ఆ విమానాలను వదిలించుకుందంటే మన సర్వీసుకు విలువ సగం పోయినట్టే.

నేను ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం మీద కో-పైలట్‌గా చేశాను. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, తిరుపతి, కడప. కంపెనీ పేరు అనవసరం. ఒక సాయంత్రం మెయిల్ వచ్చింది. లీజు ఏటీఆర్‌లు వెనక్కి ఇచ్చేస్తున్నాం, ఇష్టమున్నవాళ్లు ఎయిర్‌బస్ ఏ320కి మారవచ్చు, కెప్టెన్లు కూడా కో-పైలట్లుగానే చేరాలి, ట్రైనింగ్ ఖర్చుకు బాండ్ రాయాలి అని. ఇష్టమున్నవాళ్లట! మాకు యూనియన్ లేదు, వాట్సాప్ గ్రూపు ఉంది. రెండ్రోజులు అందులో వీరావేశాలు నడిచాయి. హెచ్‌ఆర్ వాళ్లు ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడేసరికి గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప ఏమీ మిగల్లేదు.

సిమ్యులేటర్‌లో నాకు జోడీగా పడ్డది, నేను ఎవరి పక్కన కూర్చుని పని నేర్చుకున్నానో ఆ కెప్టెన్ గారే. నెల్లూరాయన, యాభై దాటాయి. మాకిచ్చిన స్లాటు అర్ధరాత్రి రెండింటికి. కో-పైలట్ ట్రైనింగ్ కాబట్టి ఆయన కుడి సీట్లో కూర్చోవాలి, తోడుగా నేను ఎడమ సీట్లో. అంటే కెప్టెన్ సీట్లో. కూర్చోవడానికి నాకు కాళ్లు రాలేదు. "ఎక్కు అబ్బాయ్, ఎవరో ఒకరు కూర్చోవాలిగా" అన్నారాయన.

ఏటీఆర్‌లో ఎదురుగా యోక్ (స్టీరింగ్ లాంటిది) ఉంటుంది, దాని మీద బొటనవేలితో నొక్కే ట్రిమ్ స్విచ్ ఉంటుంది, విమానం ముక్కు పైకీ కిందకీ పోకుండా సర్దడానికి. ఎయిర్‌బస్‌లో యోక్ ఉండాల్సిన చోట మడత టేబులు, పక్కన చిన్న సైడ్‌స్టిక్. ట్రిమ్ అదే చూసుకుంటుంది. కానీ ఇన్నేళ్ల అలవాటున్న బొటనవేలు ఊరుకోదుగా, స్విచ్ కోసం తడుముతుంది. సైడ్‌స్టిక్ మీద ఆ వేలికి తగిలేది ఎర్ర బటన్. అది నొక్కితే కంట్రోల్ మొత్తం ఆ సీటుకే వచ్చి, "ప్రయారిటీ రైట్" అని విమానమే అరుస్తుంది. ఆ రాత్రి అది అరుస్తూనే ఉంది. చివరికి ఆయనే నవ్వేశారు: "కంపెనీ ఇవ్వకపోయినా ఇదన్నా ఇస్తోంది ప్రయారిటీ."

ఆయన పాసయ్యారు. కొన్నాళ్లు చేసి, బాండ్ డబ్బు కట్టేసి, మలేసియా వైపు మళ్లీ ఏటీఆర్ కెప్టెన్‌గా వెళ్లిపోయారు. 2017 నుంచి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూలు ప్రకారం కెప్టెన్ మానేయాలంటే ఏడాది ముందు నోటీసివ్వాలి, కో-పైలట్‌కు ఆర్నెల్లు చాలు. హోదా పోయినందుకు ఆయనకు దక్కిన లాభం ఆ ఆర్నెల్లే. పైలట్‌కేమో ఏడాది నోటీసు, కంపెనీ ఫ్లీట్ (తన విమానాలన్నీ) మార్చడానికి మాత్రం ఒక మెయిల్ చాలు! దీని మీద ఎవడూ డిబేట్ పెట్టడు.

ఇక యూనియన్ల సంగతి. 2012లో ఎయిరిండియా పైలట్ల సమ్మె 58 రోజులు నడిచింది. జీతాల కోసమే అనుకున్నారు చాలామంది. అసలు తగవు అప్పటికి ఎయిరిండియా చేతికే రాని విమానం గురించి. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి గానీ యూనియన్లు కలవలేదు. ఎయిరిండియా వాళ్లది ఇండియన్ పైలట్స్ గిల్డ్, ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లది ఐసీపీఏ (ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్). విలీనానికి ముందు ఎయిరిండియా ఆర్డరిచ్చిన 27 బోయింగ్ 787ల ట్రైనింగ్‌కు రెండు వైపుల వాళ్లనూ పంపుతామంది మేనేజ్‌మెంట్. అలా పంపితే మా ప్రమోషన్లు వెనక్కి పోతాయని గిల్డ్ వాళ్లు మే నెలలో మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టారు. గిల్డ్ గుర్తింపు రద్దయింది, వంద మందికి పైగా ఉద్యోగాలు ఊడాయి, జూలై మొదట్లో సమ్మె ముగిసింది. మొదటి డ్రీమ్‌లైనర్, అంటే ఆ 787, వచ్చింది సెప్టెంబరులో! ప్రయాణికులు గిల్డ్‌ను తిట్టుకున్నారు. నన్నడిగితే తప్పంతా రెండు సీనియారిటీ లిస్టులను కలపకుండా ఐదేళ్లు కాలక్షేపం చేసినవాళ్లది.

అమెరికాలో యూనియన్లు ఇలాంటివి కాంట్రాక్టులోనే రాయించుకుంటాయి. తమ పైలట్ల పని బయటికి పోకుండా, పెద్ద ఎయిర్‌లైన్లు చిన్న కంపెనీలతో నడిపించే జెట్లలో 76 సీట్లకు మించకూడదు, బరువు 86,000 పౌన్లు దాటకూడదు. ఎంబ్రాయర్ కంపెనీ ఈ175-ఈ2 అనే కొత్త జెట్ మొదలుపెడితే అది ఆ బరువు దాటింది. అక్కడ కొనేవాళ్లు లేక ప్రాజెక్టునే ఆపి కూర్చున్నారు. యూనియన్ అంటే అలా ఉండాలి.

2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలు ఆర్డరిచ్చాయని వార్త రాగానే మావైపు పొలాలమ్మి పిల్లల్ని పైలట్ కోర్సులో చేర్పించినవాళ్లున్నారు. ఫీజు ఎంతని అడుగుతారు, జీతం ఎంతని అడుగుతారు. బాండ్ ఎన్నేళ్లు, కమాండ్ (కెప్టెన్ హోదా) ఎన్నేళ్లకు వస్తోంది, ఫ్లీట్ మారితే సీనియారిటీ ఉంటుందా పోతుందా, ఇవి అడిగినవాళ్లు ఇంతవరకు నాకు తగల్లేదు.