పులుపు వేరు, బలం వేరు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఆమ్లాలు, క్షారాలు, పీహెచ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. నడక బాగుంది. కానీ మూడుచోట్ల ‘గాఢమైన ఆమ్లం’ అన్నావు, మూడుచోట్లా నీ ఉద్దేశం ‘బలమైన ఆమ్లం’. రసాయనశాస్త్రం తెలుగులో రాసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఈ మెట్టు మీదే. ముందు దీని సంగతి చూద్దాం.

గాఢత అంటే నీళ్లలో ఆమ్లం ఎంత కలిపామన్నది. బలం అంటే, కలిపినదాంట్లో ఎంత భాగం విడిపోయి హైడ్రోజన్ అయాన్లను వదిలిందన్నది. ఒక సీసాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఇంకో సీసాలో వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, రెండూ లీటరుకు 0.1 మోల్ (అణువుల లెక్కకు వాడే ప్రమాణం) చొప్పున ఉన్నాయనుకో. గాఢత ఒకటే. మొదటిది దాదాపు పూర్తిగా విడిపోతుంది, పీహెచ్ 1 దగ్గర ఉంటుంది (హైడ్రోజన్ అయాన్లు ఎంత ఎక్కువైతే పీహెచ్ అంకె అంత తగ్గుతుంది). రెండోదాంట్లో నూటికి ఒకటీ చిల్లర అణువులే విడిపోతాయి, పీహెచ్ 2.9 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు ఒక్కో సీసాలోంచి 10 మిల్లీలీటర్లు తీసి, అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో తటస్థీకరించు. రెండింటికీ 10 మిల్లీలీటర్లే పడుతుంది! క్షారం బయట ఉన్న అయాన్లను తినేసిన కొద్దీ ఎసిటిక్ ఆమ్లం కొత్తవాటిని వదులుతూనే ఉంటుంది మరి. పీహెచ్ చెప్పేది ఆ క్షణాన బయట తిరుగుతున్న అయాన్ల లెక్క, గాదెలో ఉన్న నిల్వ లెక్క కాదు. ఈ ఒక్క ఉదాహరణ వ్యాసం మొదట్లో పెడితే పాఠకుడు తర్వాత ఎక్కడా తడబడడు.

‘నిమ్మరసం పెరుగుకి రెట్టింపు ఆమ్లం’ అన్న వాక్యం కొట్టెయ్. నిమ్మరసం పీహెచ్ సుమారు 2.5, పెరుగుది సుమారు 4.5. తేడా రెండు అంకెలే అయినా అది సంవర్గమానపు కొలత, ఒక్కో అంకెకు పది రెట్లు. అంటే ఇక్కడ వంద రెట్లు. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే రసాయనశాస్త్రవేత్త ఈ కొలత పెట్టింది దశాంశ బిందువు తర్వాత సున్నాల వరస రాసుకునే బాధ తప్పించడానికే. ఆ సౌకర్యమే మనల్ని మోసం చేస్తుంది. పీహెచ్ 4, పీహెచ్ 6 ఉన్న రెండు హైడ్రోక్లోరిక్ ఆమ్ల ద్రావణాలను సమపాళ్లలో కలిపితే 5 వస్తుందని రాయబోయేవు, వచ్చేది 4.3. సగటు కట్టాల్సింది అయాన్లకు, పీహెచ్ అంకెలకు కాదు.

‘7 అంటే తటస్థం’ అన్న మాట పక్కన ‘25 డిగ్రీల సెల్సియస్ దగ్గర’ అని చేర్చు. మరుగుతున్న స్వచ్ఛమైన నీటి పీహెచ్ 6.1 దగ్గర ఉంటుంది, అయినా అది తటస్థమే. అందులో హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు సమానంగానే ఉంటాయి.

క్షారానికి నువ్విచ్చిన నిర్వచనం ‘హైడ్రాక్సైడ్ ఉన్న పదార్థం’. మరి వంటసోడాలో హైడ్రాక్సైడ్ అయాన్ ఎక్కడుంది? 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అనే ఇద్దరు రసాయనశాస్త్రవేత్తలు విడివిడిగా చెప్పిన నిర్వచనం పట్టుకో: ప్రోటాన్ (అంటే హైడ్రోజన్ అయానే) ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. పనిలో పనిగా, ఆక్సిజన్‌ను మన పాత పుస్తకాలు ‘ఆమ్లజని’ అనేవి. ప్రతి ఆమ్లానికీ ఆక్సిజనే మూలమని ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజే అనుకున్నాడు, ఆ పొరపాటే తెలుగులోకీ వచ్చి కూర్చుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదు. బాక్సు కట్టి వేసుకోదగ్గ ముచ్చట ఇది.

ఇక ప్రయోగం. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుందని తెలియని తెలుగు ఇల్లుండదు, నువ్వు లిట్మస్‌తో మొదలుపెట్టావేమిటి? ఒక టీ స్పూను పసుపు 50 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, పావుగంట ఆగి వడకట్టమను. రంగునిచ్చే కుర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, అందుకే స్పిరిట్. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, అంటుకుంటుంది. అద్దుడు కాగితం పట్టీలు అందులో ముంచి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. ప్రింటర్ కాగితం పనికిరాదు, అందులో కలిపే సుద్ద తానే క్షారం. ఈ పట్టీ వంటసోడా నీళ్లలో లేతగా, సున్నపు తేటలో ముదురుగా ఎర్రబడుతుంది. ఎర్రబడ్డ చోట నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు.

ఇక్కడే నీ వాక్యం ఒకటి తప్పింది: ‘రంగు మారకపోతే ఆమ్లం’. మంచినీళ్లలోనూ పసుపు రంగు మారదు. పసుపు క్షారాన్ని పట్టిస్తుంది, ఆమ్లానికీ తటస్థానికీ తేడా చెప్పలేదు. దానికి ఎర్రమందారం కావాలి. ఐదారు పూల రేకులు అరగ్లాసు వేణ్నీళ్లలో పది నిమిషాలు ఉంచితే చాలు. ఆ రసం ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ అవుతుంది. ఏ రోజు రసం ఆ రోజే వాడాలి, నిలవుంటే రంగు పాడవుతుంది.

జాగ్రత్తలు వ్యాసం చివర పెట్టావు, వాటిని ప్రయోగానికి ముందుకు జరుపు. నీళ్లలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ముఖ్యంగా గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నీళ్లు పడితే ఆ వేడికి అవి అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని మొహం మీదికి చిమ్ముతాయి. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరి సలపదు. ఒంటి మీద ఆమ్లం పడితే వంటసోడా రాయమన్నావు, అది తీసెయ్. తటస్థీకరణలో వేడి పుడుతుంది, పుండు మీద కారం చల్లినట్టే. కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పొయ్యాలి, అంతే. క్షారాన్ని తేలిగ్గా చూడొద్దని కూడా రాయి. కిళ్లీ సున్నం కంట్లో పడితే అది కణాల కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగుతుంది. వెంటనే కడుగుతూనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

చౌడు నేలల పేరా నాకు నచ్చింది, కానీ జిప్సం ఆమ్లం కాబట్టి చౌడును విరుస్తుందని నువ్విచ్చిన కారణమే తప్పు. జిప్సం (కాల్షియం సల్ఫేట్) ఆమ్లం కాదు, దాదాపు తటస్థ లవణం. కారుచౌడులో, అంటే క్షార నేలలో, పీహెచ్ 8.5 దాటడానికి మూలం బంకమట్టి రేణువులకు అంటుకున్న సోడియం. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తోసి తాను కూర్చుంటుంది. విడిపోయిన సోడియం సల్ఫేట్‌ను మంచినీటితో కిందికి దించి మురుగు కాలువల్లోకి పంపెయ్యాలి. నీళ్లు పోయే దారి లేని పొలంలో ఎంత జిప్సం చల్లినా ఫలితం నిలవదు. ఈ ముక్క రాయకపోతే రైతు డబ్బు మట్టిపాలు.

సవరించిన ప్రతితో పాటు పట్టీల ఫోటో కూడా పంపు. తడి ఆరకముందే, పగటి వెలుతురులో, తెల్ల పళ్లెం మీద పెట్టి తియ్. పసుపు బల్బు వెలుగులో తీస్తే లేత ఎరుపుకీ పసుపుకీ తేడా కనపడదు.

ఆశీస్సులతో.