ఇంట్లో చేసిన మాకరోనీ చీజ్‌లో సాస్ ఎందుకు విరుగుతుంది?

చీజ్ వేయగానే సాస్ రవ్వరవ్వగా అయిపోయి పైన నూనె తేలుతోందని, పిల్లలు డబ్బాలో వచ్చేదే బాగుందంటున్నారని, ఎవరికైనా ఇలా అయిందా అని మీరు అడిగారు. నాకు అయింది. ఒకటి కాదు, వరసగా మూడుసార్లు.

2012లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో చదువుకుంటున్నప్పుడు ఒక పెద్దావిడ ఇంట్లో పై గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడిపోతుంది. సన్నటి వానలో తడిసి, చేతులు కొంకర్లు పోయి ఇల్లు చేరితే, వంటింట్లోంచి చీజ్ ఎర్రగా కాలుతున్న వాసన వచ్చేది. ఆవిడ ఓ పళ్లెంలో రెండు గరిటెల మాకరోనీ చీజ్ పెట్టి నా ముందుంచేది. మా ఊళ్లో జ్వరం తగ్గిన మర్నాడు అమ్మ పెట్టే వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి తిన్నప్పుడు కడుపులో ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉండేది. మీరు అడగకపోయినా ఇది ఎందుకు చెబుతున్నానంటే, దీని గొప్పంతా ఆ మెత్తదనంలోనే ఉంది. సాస్ గరుకుగా ఉంటే ఇంకేం వేసినా లాభం లేదు.

నేను చేసిన తప్పు, బహుశా మీరూ చేస్తున్నది, సాస్ కుతకుతలాడుతుండగా చీజ్ వేయడం. వేడి మితిమీరితే చీజ్‌లోని ప్రోటీన్ బిగుసుకుని ముద్దకట్టి, తనలోని కొవ్వును బయటికి వదిలేస్తుంది. మీకు కనిపిస్తున్న రవ్వా, నూనే అవే. మజ్జిగపులుసు విరగకుండా శనగపిండి కలుపుతాం కదా, ఇక్కడ మైదా చేసే పనీ అదే. కానీ మైదా ఉన్నా, మరుగుతున్న సాస్‌లో అది పూర్తిగా కాపాడలేదు.

ముగ్గురికి నేను వేసే లెక్క ఇది: 250 గ్రాముల మాకరోనీ, 40 గ్రాముల వెన్న, 40 గ్రాముల మైదా, 600 మిల్లీలీటర్ల చిక్కటి పాలు, 200 గ్రాముల చెడ్డార్ చీజ్, పైన చల్లడానికి ఇంకో గుప్పెడు. మాకరోనీని ఉప్పునీళ్లలో పలుకు మీద ఉండగానే, ప్యాకెట్ మీద రాసిన టైముకి రెండు నిమిషాల ముందే వార్చేయండి. మిగతాది ఓవెన్‌లో సాస్ పీల్చుకుని ఉడుకుతుంది. వెన్న కరిగాక మైదా వేసి, రంగు మారనివ్వకుండా, పచ్చివాసన పోయేదాకా సన్నసెగ మీద రెండు నిమిషాలు వేయించండి. పాలు ఒక్కసారిగా కుమ్మరించకండి. మొదట ఒక గరిటెడు పోసి ముద్దలా కలిపి, తర్వాత కొద్దికొద్దిగా పోస్తూ కవ్వంతో తిప్పుతుంటే ఉండ కట్టదు. అది ఒక పొంగు వచ్చి గరిటెజారుగా అయ్యేదాకా వదలకండి, ఎందుకంటే మైదా చిక్కబడేది అప్పుడే.

ఇక్కడ స్టవ్ ఆపేయండి. గిన్నె దించి ఓ రెండు నిమిషాలు ఆగండి. అప్పుడు చీజ్ తురుము గుప్పెడు చొప్పున వేస్తూ, ఒకటి కరిగాకే ఇంకోటి వేయండి. ఆ రెండు నిమిషాలు ఆగడం నేర్చుకోవడానికే నాకు మూడు గిన్నెలు పట్టింది.

చీజ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తురిమి ప్యాకెట్లో అమ్మేది వద్దు. తురుము అంటుకోకుండా దానికి పిండిపదార్థం పట్టించి ఉంటారు, సాస్ నున్నగా రాదు. గడ్డ కొని ఇంట్లో తురుముకోండి. బాగా ముదిరిన చెడ్డార్‌కి రుచి ఎక్కువే గానీ అది తొందరగా విరుగుతుంది, అందుకని సగం ముదురుది, సగం లేతది కలుపుతాను. మన దగ్గర దొరికే ప్రాసెస్డ్ చీజ్‌లో విరగకుండా ఉంచే లవణాలు ముందే కలిసి ఉంటాయి కాబట్టి నున్నగానే కరుగుతుంది, కాకపోతే రుచిలో పస తక్కువ, ఉప్పెక్కువ. అదే వాడితే సాస్‌లో ఉప్పు వేయకండి. శాకాహారులైతే పార్మెజాన్ అనే ఇటలీ చీజ్ జోలికి వెళ్లొద్దు, అసలైనది దూడ పొట్టలోంచి తీసిన రెనెట్‌తోనే (పాలను గడ్డకట్టించే పదార్థం) చేస్తారు. చెడ్డార్‌లో శాకాహార రెనెట్‌తో చేసినవి బోలెడు, ప్యాకెట్ చూసి కొనండి.

మసాలా గురించి నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. క్యాప్సికం, చిల్లీ ఫ్లేక్స్, ఉల్లిపాయ వేస్తే అది ఇంకో వంటకం అవుతుంది. ఒక చెంచా ఇంగ్లీషు ఆవపొడి, చిటికెడు జాజికాయ, మిరియాలపొడి చాలు. ఆవపొడి ఘాటుగా తెలియదు, చీజ్ రుచిని మాత్రం పైకి లేపుతుంది.

అన్నీ కలిపి బేకింగ్ డిష్‌లో పోసి, పైన మిగిలిన చీజ్, బ్రెడ్ పొడి చల్లి 200 డిగ్రీల దగ్గర 20, 25 నిమిషాలు పెట్టండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 180. ఆవిడ పైన టమాటా చక్రాలు పేర్చేది. ఆ పులుపు లేకుండా నేనిప్పుడు చేయను.

"మ్యాక్ అండ్ చీజ్" అంటే ఆవిడ ఒప్పుకునేది కాదు, అది అమెరికావాళ్ల పేరట, వీళ్లది మాకరోనీ చీజ్. ఆ పట్టుదలకి ఆధారం లేకపోలేదు. 1769లో ఎలిజబెత్ రాఫాల్డ్ అచ్చువేసిన ఇంగ్లీషు వంటల పుస్తకంలో మాకరోనీని పార్మెజాన్‌తో వండే పద్ధతి ఉంది, అమెరికాలో క్రాఫ్ట్ కంపెనీ మాకరోనీ చీజ్ డబ్బా వచ్చింది 1937లో. కానీ ఆవిడకి దీనిమీద ఉన్న ప్రేమ పుస్తకాల నుంచి వచ్చింది కాదు. బ్రిటన్‌లో చీజ్‌కి 1941 నుంచి 1954 దాకా రేషన్ ఉంది, కొన్నాళ్లు తలకి వారానికి 2 ఔన్సులే, అంటే 57 గ్రాములు. ఆవిడ బాల్యమంతా ఆ రోజుల్లోనే గడిచింది. ఇంటిల్లిపాది వాటా కూడబెట్టి వాళ్లమ్మ ఒక్క డిష్ చేస్తే, అంచుల్లో కరకరలాడే మూలల కోసం అక్కచెల్లెళ్లు పోట్లాడుకునేవారట. నాకు వడ్డించినప్పుడల్లా ఒక మూల నా పళ్లెంలోకే వచ్చేది.

మిగిలితే ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది. మర్నాడు రెండు చెంచాల పాలు చిలకరించి, మూత పెట్టి సన్నసెగ మీద వేడి చేయండి. మైక్రోవేవ్‌లో ఎక్కువసేపు పెడితే మళ్లీ నూనె తేలుతుంది.