విజయనగరం నుంచి ఇండోనేషియాకి మొదటి ప్రయాణం: 12 రోజుల్లో ఎన్ని దీవులు చూడొచ్చు?

మీరు అడిగింది ఇదీ: భార్యాభర్తలిద్దరూ, అరవై దాటిన అమ్మానాన్నలూ, మొత్తం నలుగురు. చేతిలో 12 రోజులు. జకార్తా, జోగ్యకర్తా, బాలి, కొమొడో, సుమత్రా అన్నీ తిరిగి రావాలి. అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు.

ముందు ఆ జాబితాలోంచి మూడు కొట్టేయండి. జావా దీవిలో ఉన్న జోగ్యకర్తా, బాలి దీవి ఉంచుకోండి. ఇండోనేషియా అంటే 17,000 పైచిలుకు దీవులు, ఈ కొస నుంచి ఆ కొసకి 5,000 కిలోమీటర్ల పైమాటే. దీవి మారిన ప్రతిసారీ గది ఖాళీ చేయడం, ఎయిర్‌పోర్టు, పడిగాపులు, మళ్లీ కొత్త గది. ఒక పగలు పోయిందనే లెక్క. పెద్దవాళ్లతో అయితే మర్నాడు పొద్దు కూడా విశ్రాంతికే పోతుంది. జోగ్యకర్తాలో నాలుగు రాత్రులు, బాలిలో ఆరు. అంతకు మించి ఆశపడొద్దు.

వెళ్లేది మే నుంచి సెప్టెంబరు లోపు పెట్టుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ వానలు. ఉగాది సెలవులకి బాలి టికెట్టు తీసే ముందు ఒకటి చూసుకోండి. అక్కడి సంవత్సరాదిని న్యెపి అంటారు. మన పంచాంగంలో రాసే శకమే వాళ్లదీ, అందుకే ఆ పండుగ ఉగాదికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. 2026లో రెండూ మార్చి 19నే. ఆ రోజు బాలిలో దీపం వెలిగించరు, వీధిలోకి ఎవరినీ రానివ్వరు, ఎయిర్‌పోర్టు కూడా 24 గంటలు మూసేస్తారు.

టికెట్ల దగ్గరే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. విశాఖ నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం ఉంది, అక్కడ మారితే సరిపోతుంది. కానీ చవగ్గా వస్తోందని విశాఖ-సింగపూర్ ఒక బుకింగు, సింగపూర్-బాలి వేరే కంపెనీలో ఇంకో బుకింగు చేస్తే సామాను సింగపూర్‌లో బెల్టు మీదికి వచ్చేస్తుంది. దాన్ని తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దాటాలంటే సింగపూర్ వీసా కావాలి. అది లేకపోతే విశాఖ కౌంటర్లోనే ఆపేస్తారు. ఆఖరి ఊరి వరకూ ఒకే బుకింగులో తీసుకోండి, సామాను చివరి దాకా ట్యాగ్ చేస్తారో లేదో ముందే అడగండి. అప్పుడు లోపలి నుంచే విమానం మారొచ్చు, వీసా అక్కర్లేదు.

పాస్‌పోర్టు గడువు ఇండోనేషియాలో దిగే రోజుకి ఇంకా ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. వీసా మనకి దిగాక కూడా ఇస్తారు, అయినా ముందే ఆన్‌లైన్‌లో తీసేసుకుంటే వరసలో నిలబడటం తప్పుతుంది. మనిషికి 5,00,000 రుపయా (ఇండోనేషియా డబ్బు), 30 రోజులు. వెతికితే పైన కనబడే ఏజెంటు సైట్లు ఎక్కువ గుంజుతాయి, చిరునామా చివర గో డాట్ ఐడీ అని ఉన్నదే ప్రభుత్వానిది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు గడిలో, ఒకరికి వెనక గడిలో ఉంటుంది, కొందరికి అసలుండదు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే వీసాలో, టికెట్టులో అక్షరం తేడా లేకుండా అలాగే కొట్టండి. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆల్ ఇండోనేషియా అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. బాలికి మాత్రం విదేశీయులు అదనంగా 1,50,000 రుపయా కట్టాలి.

పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, అంటే కొన్ని దేశాలకి పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలని. మన జిల్లాల నుంచి వలస కూలీలు ఎక్కువ కాబట్టి ఆ ముద్ర చూడగానే గాభరా పడతారు. ఇండోనేషియా ఆ దేశాల జాబితాలో ఉన్నదే. అయితే 50 ఏళ్లు దాటినవాళ్లకి ఆ నిబంధన వర్తించదు, చిన్నవాళ్లకైనా అది ఉద్యోగానికి వెళ్తేనే. రానుపోను టికెట్టు, హోటల్ బుకింగు, వీసా కాగితం మీద ప్రింటు తీసి చేతిసంచిలో ఉంచండి.

డబ్బులో సున్నాలు కళ్లు తిప్పేస్తాయి. మూడు సున్నాలు తీసేసి, మిగిలినదాన్ని అయిదున్నరతో హెచ్చవేస్తే మన రూపాయలు ఇంచుమించుగా వస్తాయి. మెనూలో 40కె అని ఉంటే 40,000, అంటే మన 220 దాకా. ఎర్ర నోటు లక్ష, ఊదా రంగుది పదివేలు. ఇచ్చేటప్పుడు రంగు కాదు, సున్నాలు చూడండి. డాలర్లు పట్టికెళ్తే మడతలేని కొత్త నోట్లే తీసుకెళ్లండి, గీత ఉన్నా మార్చేవాళ్లు వెనక్కిస్తారు. కొన్ని ఏటీఎంలు డబ్బులిచ్చాకే కార్డు వదుల్తాయి. నోట్లు లెక్కపెట్టుకుంటూ కార్డు మర్చిపోయేవాళ్లు చాలామంది.

అమ్మగారి భోజనం. అన్నం అన్నిచోట్లా దొరుకుతుంది, నాసి పుతీ అంటే తెల్లన్నం. తెంపే, తాహు రెండూ సోయాతో చేసినవే, నిశ్చింతగా తినొచ్చు. ఇబ్బందల్లా కారప్పచ్చడి సంబల్‌తోనే. చూడ్డానికి మన పండుమిరప పచ్చడిలాగే ఉంటుంది గానీ చాలాసార్లు అందులో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. కూరగాయల మీద చల్లే తెల్ల అప్పడం ముక్కలు కూడా రొయ్యలవే కావచ్చు. వెజిటేరియన్ అంటే చాలదు, కొందరి లెక్కలో మాంసం లేకపోతే చాలు. ఇలా చెప్పండి: తన్పా దాగింగ్, తన్పా ఇకాన్, తన్పా ఉదాంగ్, తన్పా తెరాసి, తన్పా తెలూర్. మాంసం, చేప, రొయ్య, తెరాసి, గుడ్డు లేకుండా అని. చీటీ మీద రాసి చూపిస్తే ఇంకా మేలు. ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి పట్టికెళ్లండి. గసగసాలు పడిన మసాలా మాత్రం వద్దు, దారిలో సింగపూర్‌లో వాటి మీద ఆంక్షలున్నాయి. బీపీ, షుగరు మాత్రలు అట్టలతో సహా, డాక్టరు చీటీతో పాటు చేతిసంచిలోనే.

జోగ్యకర్తాలో ప్రంబనన్ శివాలయం 47 మీటర్ల ఎత్తు. వాన లేని నెలల్లో కొన్ని రాత్రులు దాని ఎదుట ఆరుబయట రామాయణం ఆడతారు. మాటలుండవు, నాట్యమూ పాటా వాద్యాలే, మీ అమ్మానాన్నలకి భాష అడ్డురాదు. శాలిహుండం కొండ మీది ఇటుక స్తూపాలు చూసి ఉంటే బోరోబుదూర్ అనే పెద్ద రాతి బౌద్ధ స్తూపాన్ని తప్పక చూపించండి. పై అంతస్తుల్లో రాతి జల్లెడ లాంటి స్తూపాలు 72 ఉన్నాయి. కింది ఆవరణ టికెట్టు వేరు, పైకెక్కే టికెట్టు వేరు. పైకి రోజుకి ఇంతమందినే గైడుతో పంపుతారు, సోమవారం ఎక్కనివ్వరు, కాబట్టి ఆన్‌లైన్‌లో ముందే తీయాలి. మెట్లు నిట్టనిలువు, మోకాళ్ల నొప్పులుంటే కింద పచ్చిక నుంచి చూడ్డమే నయం. ఎక్కేవాళ్లకి రాయి అరక్కుండా అల్లిక చెప్పులిస్తారు. వాటి పేరు ఉపానత్, సంస్కృతంలో చెప్పు అనే మాటే. తిరిగివచ్చేటప్పుడు వాటిని ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఇంకొకటి. జోగ్యకర్తా గడియారం మనకన్నా గంటన్నర ముందు, బాలి రెండున్నర గంటలు ముందు. టికెట్టులో రాసేది ఏ ఊరికి ఆ ఊరి టైమే. ఫోనులో టైము దానంతటదే మారకపోతే బాలి నుంచి తిరుగు విమానానికి గంట ఆలస్యంగా చేరతారు.