ఆ బూడిదతో గిన్నెలు తోముతున్నారా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఒక ఫ్యాక్టరీలో పాత కూలింగ్ టవర్ విప్పితే వచ్చిన చెక్కలు చవగ్గా దొరికాయి. రెండు నెలలుగా నీళ్ల పొయ్యిలో అవే పెడుతున్నాం. కోస్తే లోపల కొంచెం ఆకుపచ్చగా ఉంటాయి. పొగకు పిల్లలు దగ్గుతున్నారు. ఏ సిరప్ మంచిది? మా అత్తగారికి అరికాళ్లు తిమ్మిర్లు, అప్పుడప్పుడు విరేచనాలు. మెడికల్ షాపులో బీ12 మాత్రలు తెచ్చి వేస్తున్నాం.

జవాబు: సిరప్ సంగతి తర్వాత. ఆ చెక్కలు కాల్చడం ఇవాళే ఆపండి. నాకు టెన్షన్ పెట్టింది మీరు చివర్లో రాసిన అత్తగారి తిమ్మిర్లు.

కూలింగ్ టవర్ చెక్క ఎప్పుడూ తడిలో నానుతుంది. కుళ్లకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందును లోపలికంటా ఎక్కిస్తుంటారు. ఆ మందు కనిపెట్టింది మన తెలుగాయనే, శొంఠి కామేశం గారు, 1933లో డెహ్రాడూన్‌లో. కట్టడంలో ఉన్నంతకాలం మంచిదే, పొయ్యిలోకి వస్తేనే చిక్కు. ఆర్సెనిక్ విషం. అది కొంత పొగతో లేస్తుంది, మిగిలింది బూడిదలో ఉండిపోతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఇలాంటి ప్లైవుడ్‌ను స్టవ్‌లో కాల్చుకున్న కుటుంబం చలికాలం వస్తే చాలు జబ్బుపడేది, జుట్టు కూడా ఊడింది. ఆ కేసు 1984లో మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

బూడిద ఏం చేస్తున్నారో మీరు రాయలేదు. గిన్నెలు తోమినా, పాదులకు వేసినా మానేయండి. పొడిగా ఊడ్చవద్దు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, తడిపి, సంచిలో మూటగట్టండి. పశువులు నాకే చోట అసలు ఉంచకండి.

ఆర్సెనిక్ ఒంట్లో చేరితే తిమ్మిర్లు, విరేచనాలు రావచ్చు. అయితే తిమ్మిర్లకు షుగర్, బీ12 లోపం కూడా కారణం కావచ్చు. మనిషిని చూడకుండా ఇది ఆర్సెనిక్ వల్లే అని నేను చెప్పను. కానీ మీరు మాత్రం చూడకుండానే బీ12 అని తేల్చేశారు! నా దగ్గరికి తిమ్మిర్లతో వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఆ మాత్రలు మింగి వస్తారు. ఈలోగా అసలు కారణం ముదురుతుంది. జనరల్ ఫిజీషియన్‌కు చూపించి, చెక్క సంగతి మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష అవసరం కావచ్చు. రక్తంలో అది ఎక్కువసేపు నిలవదు. కాల్చడం ఆపాక మూత్రంలోనూ తగ్గిపోతుంది కాబట్టి ఆలస్యం వద్దు. ఈమధ్య సముద్రపు చేపలు, రొయ్యలు తిని ఉంటే చెప్పండి, రిపోర్టు తప్పుదోవ పట్టిస్తుంది. గోళ్ల మీద అడ్డంగా తెల్లచారలున్నాయేమో కూడా చూడండి. విషం లాగేస్తాయని అమ్మే పొడులు, కషాయాలు మాత్రం ఇవ్వకండి.

పిల్లల్నీ అదే రోజు తీసుకెళ్లండి. ఆయాసం ఉంటే రేపటిదాకా ఆగొద్దు. సిరప్ కావాలో వద్దో ఛాతీ పరీక్షించిన డాక్టరే చెబుతారు.