నీళ్ళ దగ్గరికి పిల్లలతో వెళ్తున్న నీకు

చిట్టితల్లీ,

ఆదివారం పిల్లలిద్దర్నీ తీసుకుని, కాలనీవాళ్ళే చూసుకుంటున్న ఆ నీటి ఒడ్డు పార్కుకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చెత్త ఏరే పనిలో నువ్వూ ఓ చెయ్యి వేస్తానన్నావట. విని ఎంత మురిసిపోయానో అంత గాభరా పడ్డాను.

టోపీ, మంచినీళ్ళు, జారని బూట్లు నీకు చెప్పక్కర్లేదు. అలాంటి చోట చెత్తబుట్ట ఉంటుందని నమ్మకం లేదు, ఖాళీ సంచి పెట్టుకో.

ఇక అసలు సంగతి. 'మోకాలి లోతేగా', 'పడితే అరుస్తారుగా' అని అందరూ అనుకుంటారు. రెండూ తప్పే. పసివాడికి ముక్కూ నోరూ మునిగేన్ని నీళ్ళు చాలు. మునిగేవాళ్ళు చాలాసార్లు అరవలేరు, చేతులూ ఊపలేరు. ఊపిరికే నోరు చాలదు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టంలో తేలుతూ మునుగుతూ ఉంటుంది. ఆ పెనుగులాట నిమిషం లోపే ఆగిపోవచ్చు. అందుకే చిన్నాడు నీ చేతికందే దూరం దాటకూడదు. పెద్దవాళ్ళు ఎక్కువైతే 'నువ్వు చూస్తున్నావనుకున్నా' అనే మాట వస్తుంది. కాపలా ఎవరిదో నోటితో చెప్పుకుని, పావుగంటకోసారి మారండి. ఫోన్ సంచిలో ఉండాలి, విన్నావా?

నీళ్ళు తాకే చివరి మెట్లను చూడు. పాచి ఎండి నల్లగా, గరుగ్గా కనిపిస్తుంది. తడి కాలు పడితే చాలు, జర్రున జారుతుంది. లేవబోయి అక్కడే కాలు పెడితే మళ్ళీ జారుతుంది.

ఎవరైనా పడితే నువ్వు దూకొద్దు. ఈత వచ్చినా వద్దు. మునిగేవాళ్ళు ప్రాణభయంతో మీదికెక్కి నిన్నూ ముంచేస్తారు. కేకెయ్యి, గట్టు మీద బోర్లా పడుకుని కర్రో తువ్వాలో అందించు. అందకపోతే మూత బిగించిన ఖాళీ డబ్బా విసురు, పట్టుకుని తేలతారు. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నీళ్ళ మీద పచ్చరంగు ఒలకబోసినట్టు తెట్టు కనిపిస్తే పిల్లల్నీ కుక్కనీ దగ్గరికి పోనివ్వకు. అందులో కొన్ని రకాలు విషం. ఆ నీళ్ళు తాగినా, తడిసిన ఒళ్ళు నాక్కున్నా కుక్క ప్రాణం పోవచ్చు. బాతులకి బ్రెడ్డు వెయ్యొద్దు, మిగిలింది కుళ్ళి ఆ తెట్టుకే ఎరువవుతుంది.

ఒడ్డున తుంగ, రెల్లు పిచ్చిమొక్కల్లా ఉంటాయి గానీ, గట్టు మట్టిని పట్టి ఉంచేది వాటి వేళ్ళే. అడ్డదారిన తొక్కితే అవి చచ్చి, వాననీరు అదే దారిలో దిగి గట్టు కోసుకుపోతుంది. అక్కడివాళ్ళని అడక్కుండా ఒక్క మొక్క కూడా పీకకు. ఎంత శ్రమపడి నాటారో.

చెత్త ఏరేటప్పుడు దళసరి గ్లౌజులు వేసుకో. గాజు పెంకులు సంచిలో వేస్తే చీల్చుకుని కాలికి తగులుతాయి, బకెట్లో వెయ్యి. సూది కనిపిస్తే ముట్టుకోకుండా పార్కు చూసుకునేవాళ్ళని పిలువు. గేలం దారం దొరికితే ముందు ముల్లు చూసుకుని, దారాన్ని ముక్కలుగా కత్తిరించి మూతున్న సీసాలో వెయ్యి. పొడుగ్గా వదిలేస్తే పిట్టల కాళ్ళకి చుట్టుకుని కోసేస్తుంది. సబ్బుతో చేతులు కడిగాకే పిల్లలకి తిండి.

చిన్నాడి లైఫ్ జాకెట్ ఇప్పుడే తొడిగి చూడు. బెల్టులన్నీ బిగించి భుజాల దగ్గర పైకి లాగితే గడ్డం, చెవులు దాటి రాకూడదు. వస్తే అది వదులు. గాలి ఊదే ట్యూబు దానికి బదులు కాదు. సరిపోకపోతే శనివారం లోపు ఫోన్ చెయ్యి, ఇంకోటి చూద్దాం.

మీ పెద్దమ్మ