బకెట్‌లో ముంచి చూస్తే వారంటీ పోతుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. రాత్రిపూట మిర్చి చేనుకు నీళ్లు కట్టడానికి వెళ్లేటప్పుడు పనికొస్తుందని ఆన్‌లైన్‌లో 899 రూపాయలు పెట్టి చిన్న చార్జింగ్ టార్చ్‌లైట్ కొన్నాను. పెట్టె మీద ‘ఐపీఎక్స్7 వాటర్‌ప్రూఫ్’ అనీ, మీటరు ఎత్తు నుంచి పడినా పాడవదనీ ఉంది. నమ్మకం కుదరక నడుము ఎత్తు నుంచి గచ్చు మీద వదిలాను. బాగానే వెలిగింది. తర్వాత బకెట్ నీళ్లలో పది నిమిషాలు ఉంచాను. అద్దం లోపల చెమ్మ పట్టి, మినుకుమినుకుమంటూ ఆరిపోయింది. ‘నీళ్లలో ముంచడం వల్ల పాడైంది, ఫిజికల్ డ్యామేజ్‌కు వారంటీ వర్తించదు’ అని కంపెనీ మెయిల్ పెట్టింది. నేనే పరీక్ష చేసి పాడుచేశాను కాబట్టి ఇక నాకు హక్కు లేనట్టేనా?

జవాబు: హక్కు ఎక్కడికీ పోలేదు. పైగా ఆ మెయిల్ మీకే పనికొస్తుంది, దాన్ని డిలీట్ చేయకండి.

ఐపీఎక్స్7 అనేది ఊరికే వేసుకునే ముద్ర కాదు. ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణంలో దానికి కచ్చితమైన కొలత ఉంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా హాని చేసేంత నీరు లోపలికి పోకూడదు. ఇంట్లో బకెట్ మీటరు లోతు ఉండదు, మీరు ఉంచింది పది నిమిషాలే. అంటే వాళ్లు ఒప్పుకున్న హద్దు లోపలే వాడారు. ‘నీళ్లలో ముంచారు కాబట్టి పాడైంది’ అని వాళ్లే రాశారంటే, పెట్టె మీది మాట నిలబడలేదని వాళ్ల చేత్తో వాళ్లే రాసిచ్చినట్టు. అదే ఐపీఎక్స్4 అని ఉంటే నా జవాబు వేరేలా ఉండేది. అది నీటి తుంపరలకే, మునకకు కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ప్రకారం, వ్యాపారి ఏ రూపంలో చెప్పుకున్న నాణ్యతైనా వస్తువులో లేకపోతే అది లోపమే. గచ్చు మీద పడేయడం వల్లే నీరు చొరకుండా ఆపే సీలు వదులైందని రేపు కంపెనీ వాదించవచ్చు. కానీ ఆ రెండు హామీలూ ఒకే పెట్టె మీద ఉన్నాయి. చేలో చెయ్యి జారిన టార్చ్ నీళ్ల కాలువలోనే కదా పడేది! ఒక్క విషయం మాత్రం గుర్తు చేసుకోండి: చార్జింగ్ పిన్ను దగ్గరి రబ్బరు మూత గట్టిగా మూసే ముంచారా? తెరిచి ఉంటే మీ కేసు బలహీనపడుతుంది.

లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే, అదే చట్టంలోని సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషనే వస్తువును సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. 45 రోజుల్లో రిపోర్టు రావాలి. అయితే ఆ ఫీజు ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి. 899 రూపాయల వస్తువుకు అంతదాకా పోనవసరం లేదని నా అభిప్రాయం. మీ దగ్గరున్న కాగితాలే చాలావరకు మాట్లాడతాయి.

పాడైన వస్తువును ఇక ఎలా పరీక్షిస్తారన్న బెంగ వద్దు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో మన ఆంధ్ర రైతులు విత్తనాలన్నీ చల్లేశాక ఫిర్యాదు చేశారు. ల్యాబ్‌కు పంపే నమూనా రైతు దాచి ఉంచుకోవాలనడం కుదరదని, రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. చేను పనికి కొన్నారు కాబట్టి మీది వ్యాపార వినియోగం అని ఎవరైనా అంటే ఆ తీర్పే చూపించండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి. కదలిక లేకపోతే 15 రోజుల గడువుతో కంపెనీకీ, అమ్మిన వెబ్‌సైట్‌కూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మీ జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు కోర్టు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. డబ్బు వాపసుతో పాటు ఖర్చులూ, పరిహారమూ అడగండి.

ఇంకెవరైనా ఇలా పరీక్ష చేసి చూడాలనుకుంటే, పెట్టె మీది అక్షరాలు కనబడేలా మొదటి నుంచి ఆపకుండా ఫోన్‌లో వీడియో తీసుకోండి. పెట్టె మీద రాసిన హద్దు దాటకండి. హద్దు దాటితే అది దుర్వినియోగం కిందికి వస్తుంది.

మీ టార్చ్‌ను విప్పకండి, ఊరి మెకానిక్ చేతికీ ఇవ్వకండి. చెమ్మ కనబడేలా అద్దానికి ఫొటో తీసి, పెట్టె, బిల్లుతో కలిపి ఒక కవరులో పెట్టి దాని మీద తేదీ రాయండి. లోపల ఉన్నది లిథియం బ్యాటరీ అయి ఉండొచ్చు, అది తడిసింది. ఆరిందో లేదో చూద్దామని మాత్రం మళ్లీ చార్జింగ్ పెట్టకండి.